రాత్రి అన్నం కలిపిన సర్వప్ప

ఈ పొద్దున పక్కింటి నుంచి సర్వప్ప వాసన వచ్చింది. నువ్వులు, కరివేపాకు, సర్వ గిన్నె అడుగున ఎర్రగా కాలే బియ్యప్పిండి. నా ఈడు వాళ్లకు ఇంత చెబితే చాలు, నోరూరుతుంది.

మా అవ్వ రాత్రి మిగిలిన అన్నాన్ని పిసికి ఆ పిండిలో కలిపేది. సర్వ లోపల నూనె రాసి, పిండి అద్ది, వేలితో బొక్కలు పెట్టేది. ఒకటి కాలినాక సర్వను బోర్లించి నీళ్లు పోసేది. వేడి సర్వకు రెండోది అద్దలేం కదా.

"అవ్వా, గిండ్ల రాత్రి అన్నం కలిపినవ్ గదా?" అని అడిగేదాన్ని.

"కలిపిన. నీ కడుపుకేమన్న ఎర్కనా? సప్పుడు జేయక తిను."

నా బిడ్డ జ్వరమొచ్చి చనిపోయి ఇంకా ఏడాది కాలేదు. బియ్యం కొలిచేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ దాని వంతు కూడా పోస్తుంది. తెల్లారి ఆ అన్నం పారబోస్తుంటే బిడ్డను మళ్లీ సాగనంపినట్టే ఉండేది.

ఈ రోజూ గిన్నెలో మిగిలింది చూసి మా ఆయన మెల్లగా, "జర తక్కువ పొయ్యరాదే," అన్నాడు.

"దాని వంతు తగ్గియ్య. గని ఇగ పారబొయ్య," అన్నాను.

ఆ అన్నాన్ని పిసికి పిండిలో కలిపాను. నా బిడ్డ స్నేహితురాళ్లు బడికి పోతుంటే పిలిచి పెట్టాను.

"పెద్దమ్మా, గిండ్ల మెతుకులున్నయేంది?" అంది ఒక పిల్ల.

"ఉంటయి. సప్పుడు జేయక తిను బిడ్డా," అన్నాను.

రేపు కూడా దాని వంతు పోస్తాను.