గుర్రం నోట్లో గన్నేరు

కరోనా ఏడాది, మన తెలుగువాళ్లు వలస వచ్చి బతికే ఉధ్నాలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒకాయన పెళ్లి ఊరేగింపుల ఆడగుర్రాన్ని పట్టుకుని ఉన్నాడు. కాఠియావాడీ జాతి, చెవుల కొసలు ఒకదానికొకటి తాకుతున్నాయి. పెళ్లిళ్లు లేక మేత కరువై, దాని డొక్కలు తేలాయి. జాలేసి, తాపీ నదిలో కలుపుదామని సంచిలో తెచ్చిన పూజ పూలు, గన్నేరు కొమ్మతో సహా దాని నోటికి అందించాను.

ఆయన ఒక్క గెంతున వచ్చి, దాని నోట్లో చెయ్యి పెట్టి ఆకులు బయటికి లాగాడు.

“ఏందమ్మా గిది? గన్నేరు తింటే గుర్రం గుండె ఆగుతది!”

“దేవునికి పెట్టిన పూలే గదన్నా!”

“దేవుడు నమిలి మింగుతడా? ఇది మింగుతది! పొద్దటి సంది గిట్ల జాలిపడేటోళ్లల్ల నువ్వు నాలుగోదానివి. పుణ్యం కావాల్నంటే జర గడ్డి తేరాదు!”

ఆయన తెగిన ముక్కల్ని నేల మీద పరిచి, కొమ్మతో సరిచూశాడు. ఒక ఆకులో సగం లేదు. ఇద్దరం వంగి వెతికాం. చివరికి అది గుర్రం నాలుక కింద దొరికింది. నాకప్పుడు ఊపిరి వచ్చింది. ఆయనకు తిట్టే ఓపిక కూడా మిగల్లేదు.

“ఏ బస్సొస్తే గా బస్సెక్కి పో తల్లీ,” అన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో దేవుడికి మందారాలే.