నీళ్లలోకి దిగితే పోతుందనుకున్న నొప్పి

అన్నానికి కూర్చుంటూ మా ఆయన బాసింపట్టు వేయలేకపోయిన రోజే నాకు భయం పట్టుకుంది. ఇది పంతొమ్మిది వందల నలభైల్లో మాట. మా ఆయన దావీదు అరబ్బు దేశాల ఒడ్డున సముద్రంలో డైవరు. ఇత్తడి టోపీ పెట్టుకుని అడుగుకు దిగి, ఒడ్డు నుంచి ఓడల దాకా నూనె పోయే గొట్టాలు బిగించేవాడు. నాలుగేళ్లు చేసి, సెలవు మీద అమీర్‌పేటకు వచ్చాడు.

పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగాలట. ఓడ కాచుకుని ఉందని ఈయన ఆగేవాడు కాదు. కీళ్లు పట్టేస్తే మళ్లీ దిగేవాడు, దిగితే నొప్పి తగ్గేది. పైవాళ్లకు తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాచేవాడు.

పెద్దాసుపత్రి డాక్టరు ఏం పని అంటే ‘ఫిట్టరు’ అన్నాడు. నేను నోరు తెరవబోతే ఉరిమి చూశాడు. వాతమని మాత్రలు ఇచ్చారు. రెండు నెలలకు కుంటు ఇంకా ఎక్కువైంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. పంజాగుట్ట దిగుడుబావి వైపు పోయాడని పక్కింటివాళ్లు చెబితే పరుగెత్తాను. ఆయన స్నేహితుడు ఖాసిం భాయ్ మెట్ల మీద తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఫికర్ చెయ్యకు వదినా. నడుముకు తాడు కట్టుకుని, రాయి పట్టుకుని దిగిండు. రెండుసార్లు గుంజితే పైకి లాగుమన్నడు.”

“ఎంత సేపయింది?”

“జర సేపయింది.”

తాడు కదలడం లేదు.

“ఆయన గుంజేదాక చూస్తవా భాయ్? నువ్వే గుంజు.”

ఇద్దరం కలిసి లాగాము. ఆయన పెదాలు నల్లబడ్డాయి. నీళ్లు కక్కి, “పోలే శాంతా. నొప్పి పోలే,” అన్నాడు.

జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాము. ఈసారి అంతా నేనే చెప్పాను. ఎక్స్‌రే తీశారు.

“హిప్ జాయింట్‌లో బోన్ చచ్చిపోయిందమ్మా,” అన్నాడు డాక్టరు. “గబగబా పైకి వస్తే రక్తంలో గాలి బుడగలు పడి ఎముకకు రక్తం అందదు. ఇప్పుడు ఏ నీళ్లలో దిగినా ఈ నొప్పి పోదు. ముందే ఎందుకు చెప్పలేదు?”

“నడుస్తడా సార్?”

“ఆరు నెలలు కాలు నేల మీద మోపకుంటే చూద్దాం.”

నాలుగో నెలలో నాకు చెప్పకుండా లేచి నిలబడి పడ్డాడు. మళ్లీ మొదటి నుంచి లెక్క. ఇక నడవడేమోనని వంటింట్లో ఒంటరిగా ఏడ్చాను.

చివరికి చేతికర్రతో నడిచాడు. ఆ కాలు కాస్త పొట్టిదైంది. సనత్‌నగర్ వర్క్‌షాపులో కూర్చుని చేసే పని దొరికింది.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గర నొప్పి కన్నా ముందు చేసే పని చెప్పండి. ఆ మనిషి దాస్తే పక్కనున్నవాళ్లు చెప్పండి. కోపం వస్తే రానివ్వండి. డాక్టరుకు చెప్పినందుకు మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మంచినీళ్లు అడిగాడు.