ఎర్ర పెన్సిల్ సుగుణక్క

ఆ సోమవారం ఉదయం నేను ఒక అబద్ధం చెప్పాను. తెలిసి ఆడిన అబద్ధం కాదు. నిజమో కాదో చూడకుండా చెప్పిన మాట. చూడటానికి ఒక్క నిమిషం పట్టేది. అదే వారం శుక్రవారం పొద్దున వార్డు సిస్టర్ వచ్చి "సుగుణక్క పోయింది" అన్నప్పుడు "ఏ సుగుణక్క?" అని అడిగాను. మా ఆసుపత్రికి సుగుణక్క ఒక్కతే. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆమెను ఎరగనివారి కోసం చెబుతాను. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉన్న మా చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఆమె రికార్డు గది అటెండరుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయింది. నేను కంప్యూటరు ఆపరేటరుగా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆమే. ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టుల్లో డాక్టరు ప్రమాదమని గీత గీసిన ప్రతి పేరునూ తన రిజిస్టరులో ఎర్ర పెన్సిలుతో రాసుకునేది. డ్యూటీ దిగాక ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేది. అది ఆమె ఉద్యోగం కాదు. ఎవరూ వెళ్లమని చెప్పలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. "మంచిగున్న రిపోర్టు వాళ్లే వచ్చి తీస్కపోతరు. చెడ్డ కబురుకు మాత్రం మనిషి పోవాలె" అనేది.

ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లింది. పీర్జాదిగూడలో కడుతున్న అపార్టుమెంటు పక్కన, రేకుల గదిలో ఉండే కూలీ ఇంటికి. వెళ్లగానే అక్క మంచినీళ్లు అడిగింది. "నా సంచిలో సీసా ఉందక్కా" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా గిల్లింది. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో తిట్లు మొదలయ్యాయి.

"సీసా ఉందని చెప్తవా? జర అక్కల్ ఉండాలె. నీళ్లడిగితే లోపలికి పిలుస్తరు, కూసోమంటరు, వాళ్లు గూడ కూసుంటరు. గప్పుడు చెప్పాలె. నిలవెట్టి చెప్తే మనిషి గూలిపోతడు."

"మా వైపు ఇవన్నీ తెలియవక్కా."

"మీ గోదారోళ్లకు నీళ్లు ఎక్కువైనయి, అడగాల్సిన అక్కర వడలే."

తర్వాత రిపోర్టులను నేరుగా ఫోనుకు పంపే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. రిబ్బను కత్తిరించిన రోజున కత్తెర పళ్లెం పట్టుకుని నిలబడింది సుగుణక్కే. ఇకనుంచి రిపోర్టు నేరుగా రోగి చేతికే వస్తుందని పెద్దలు ప్రసంగించారు. ఆమె నా చెవిలో అంది: "చేతికొస్తది సరే, సదివి చెప్పెటోళ్లెవరు?" నేను నవ్వి ఊరుకున్నాను.

ఫోను నంబరు రాయందే పోర్టల్ ఎవరి పేరూ తీసుకోదు. సుగుణక్క వాళ్ల గల్లీలో చాలామందికి సొంత ఫోను లేదు. ఉన్నవాళ్లు ఫ్యాక్టరీ షిఫ్టుల్లో దాన్ని ఇంట్లో వదిలిపోతారు. అందరూ సుగుణక్క నంబరే ఇచ్చారు. ముప్పై మందికి పైగా జబ్బులు ఆ ఒక్క ఫోనులో ఉండేవి. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు అద్దాలు పెట్టుకుని మెసేజీలు చదివి, ఎవరింటికి వెళ్లాలో వాళ్లింటికి వెళ్లేది.

ఆ సోమవారం పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఒక నంబరుకు నాలుగు పేర్లే ఉండాలి. నేను మీట నొక్కాను. యంత్రం మొదటి నాలుగు పేర్లు ఉంచుకుని మిగిలినవి తీసేసింది. తీసేసిన వాళ్లకు చెప్పడం నా పని. చెప్పలేదు. నాలుగు పేర్లే ఉంచామన్న మెసేజీ మాత్రం, ఏ పేర్లో చెప్పకుండా, సుగుణక్క ఫోనుకు వెళ్లింది. గంటలో ఆమే కౌంటరుకు వచ్చింది.

"ఏంది ప్రసాదూ, నా ఫోన్ల మా గల్లీ మొత్తం మాయమైంది?"

"రూలక్కా. ఒక నంబరుకు నలుగురే. పైనుంచి వచ్చింది."

"పైనుంచి వానొస్తది. ఇది మనుషులు జేసిందే గద. మిగిలినోళ్లను నీ ఇంటికి పంపాల్నా?"

వరుసలో జనం నవ్వారు. నాకు చిరాకు కలిగింది.

"మంచిది గని," అంది, "శనివారం నేను గూడ రక్తమిచ్చిన. కాళ్లు వాస్తున్నయి. నా పేరన్న ఉన్నదా?"

"మీ ఫోనులో మీ పేరు లేకుండా ఎలా ఉంటుందక్కా? ఉంటుంది, కంగారు పడకండి."

ఇదీ నా అబద్ధం. ఆమె పేరు లేదు. పోర్టల్ కొత్తలో ఆమె ముందు ఇరుగుపొరుగు పేర్లన్నీ ఎక్కించి, తన పేరు చివర రాయించుకుంది. ఆమెను ఎరిగిన ఎవడైనా చూడకుండానే ఊహించగలిగిన సంగతి అది. నేను ఊహించలేదు.

మంగళవారం ఆమె రిపోర్టు పోర్టల్‌లోకి ఎక్కింది. కిడ్నీలు చెడి, రక్తంలో పొటాషియం ప్రాణం తీసేంత పెరిగింది. తెర మీద మాత్రం పచ్చరంగులో "రిపోర్టు సిద్ధం" అని ఉంది. ల్యాబ్ వాళ్లు ఎక్కించామన్నారు. డాక్టరు రోగి రాలేదన్నారు. నేను ఉత్తర్వు పాటించాను. ఎవరి పని వాళ్లం చేశాం. ఆమె చేసిన పని మాత్రం ఎవ్వరం చేయలేదు.

ఆమె పోయిన మూడో రోజున వాళ్లింటికి వెళ్లి, ఆమె భర్త ఐలయ్య బావకు జరిగిందంతా చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. కేకలు వేస్తే బాగుండేది.

"బుధవారం అడిగిన తమ్మీ, రిపోర్టు ఏమైందే అని. ఖరాబుంటే దవాఖానోళ్లు ఇంటికొచ్చి చెప్తుండె గద, రాలేదంటే మంచిగనే ఉన్నట్టు అన్నది."

తాను ఇరవై ఏళ్లు చేసిన పనిని మేమూ చేస్తామని ఆమె నమ్మింది. ఆ నమ్మకమే ఆమెను చంపింది.

లేచి వస్తుంటే ఆయన అన్నాడు: "ఇయ్యాల వచ్చినవ్. బుధవారం రావాల్సుండె."

ఆ వారమే సూపరింటెండెంటుకు నా తప్పును నా చేత్తో రాసిచ్చాను. మెమో వచ్చింది. అది న్యాయమే. తీసేసిన పేర్ల వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి చెప్పాను. రికార్డు గదిలో ఆమె చివరి రిజిస్టరు దొరికింది. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు కౌంటరు మూశాక ప్రమాదమున్న రిపోర్టులు ఒక్కొక్కటీ తెరిచి, రోగి ఇంకా చూడనివాటి పేర్లు ఆ పేజీల్లో ఎర్ర పెన్సిలుతో రాస్తున్నాను. ఆమె చేతిరాత ఆగిన చోట నాది మొదలవడం చూస్తే సిగ్గేస్తుంది. ఆమె స్థానంలోకి నేను వచ్చానని ఎవరూ అనుకోవద్దు. అది ఖాళీగానే ఉంటుంది.

మొదటి పేరు ఆమె గల్లీలోనే ఉండే ఒకావిడది. తలుపు తీసి, "ఎవరు సార్?" అంది.

"దవాఖానా నుంచి వచ్చానమ్మా."

నా సంచిలో నిండు సీసా ఉంది.

"కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అన్నాను.

ఆవిడ స్టూలు జరిపి, చెంబు తెచ్చి ఇచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది. నీళ్లన్నీ తాగి, అప్పుడు చెప్పాను.