నలుపు తెలుపుల చైర్మన్ గారు

చైర్మన్ గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ రంగునైనా ముందు నలుపు తెలుపుల్లో ఫోటో తీసి చూసుకుంటే గానీ అది మంచి రంగో కాదో చెప్పరు. రంగు చూడడానికి రంగు తీసెయ్యడమేమిటని ఎవరైనా అడిగితే, కిటుకంతా అందులోనే ఉందని తేల్చేసి తన పనిలో పడతారు.

చైర్మన్ అంటే ఏ పెద్ద కంపెనీకో అనుకునేరు. వృత్తికి ఆయన దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. వీధిలో ఏ బోర్డు చూసి మీ కాళ్లు ఆగిపోయినా అది ఆయన చేతి పనే. చైర్మన్‌గిరీ మాత్రం ఇంటి మేడ గదిలో, తాను కల్పించుకున్న మేడమీది రైల్వేకి. బీరువా జంక్షన్లో బయలుదేరిన బొమ్మ రైలు కిటికీ రోడ్ స్టేషన్ మీదుగా వెళ్లి, మంచం కింది సొరంగంలో దూరి, మళ్లీ జంక్షన్ చేరుకుంటుంది. ఇంజన్లు ఆరు. ఒకటి నల్ల ఒంటి మీద తెల్ల పట్టీలు వేసుకుంది, ఒకదానికి పసుపు మీద నీలం గళ్లు, ఇంకొకదానికి ముక్కు నుంచి తోక దాకా మెట్లు మెట్లుగా చారలు. చదరంగం బల్లకి చక్రాలు మొలిచినట్టుందని పక్కింటాయన మొహం మీదే అన్నాడు. చైర్మన్ గారు ఆయనకి కాఫీ ఇచ్చి పంపారు.

ఈ పిచ్చి మేడ మీదే ఉంటే బాగానే ఉండేది. భార్య, అంటే బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ, కర్టెన్లు కొందామని తీసుకెళ్తే, పద్నాలుగు కర్టెన్లు వరసగా వేలాడదీయించి అన్నింటికీ ఫోటోలు తీశారు. అందులో తొమ్మిది ఒకటే బూడిద రంగని తీర్పు చెప్పారు. దుకాణదారు టీచరమ్మని పక్కకి పిలిచి, సారుకి కళ్లు చూపించారా అని మెల్లగా అడిగాడు. కూరగాయల దుకాణంలో టమాటాలకి ఫోటో తీసి, ఇవి పండాయో లేదో తెలియడం లేదంటే, కొట్టువాడు "నొక్కి చూడండి సార్, మేమంతా అలాగే చూస్తాం" అన్నాడు.

నాలుగేళ్ల కింద దాకా ఆయన ఇలా లేరు. అప్పట్లో ఎక్స్‌ప్రెస్ ఇంజన్లకి ఇటుక ఎరుపు, గూడ్సు ఇంజన్లకి ఆకుపచ్చ, అంచులకి వెంట్రుకంత సన్నటి బంగారు గీత. చూడడానికి వీధి వీధంతా మేడెక్కేది. బళ్లు నడిపేది టీచరమ్మ తమ్ముడు. అతను పెద్ద ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ రైలు డ్రైవరు కావాలని కలలు కన్నవాడు, ఎత్తు అరంగుళం తక్కువైందని సెలక్షన్లో తీసేస్తే, పైకీ కిందికీ తప్ప ముందుకు నడిపే భాగ్యం లేకుండా పోయింది. ప్రతి ఆదివారం అక్క ఇంటికొచ్చి ఆ లోటు తీర్చుకునేవాడు. ఒక ఆదివారం ఎర్ర ఇంజను బదులు పచ్చదాన్ని వదిలేసరికి బీరువా జంక్షన్లో రెండు బళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. కునుకు పట్టిందన్నాడు తమ్ముడు. ఆ వారంలోనే చైర్మన్ గారు గరుకు కాగితం పట్టి బంగారు గీతలన్నీ గీకేసి, కంపెనీ కొత్త రంగుల విధానం ప్రకటించారు. ఆ గీతల కోసం టీచరమ్మ నిజంగానే ఏడ్చింది.

ఇంతలో ఊరి హాబీ క్లబ్బు వార్షిక ప్రదర్శనకి మేడమీది రైల్వేని పిలిచింది. పన్నెండేళ్లుగా చైర్మన్ గారు ఎదురుచూస్తున్న పిలుపు అది. తమ్ముడైతే లిఫ్టుకి సెలవు పెట్టి నీలం టోపీ కూడా కుట్టించుకున్నాడు. అయితే ఇంజన్లని చూసిపోవడానికి వచ్చిన క్లబ్బు కార్యదర్శికి గుండె ఆగినంత పనైంది. ఎక్స్‌ప్రెస్‌లకి ఎరుపు, గూడ్సుకి ఆకుపచ్చ వేస్తేనే హాల్లో చోటన్నాడు.

"అయితే చోటు వద్దులెండి" అన్నారు చైర్మన్ గారు, ఎంతో మర్యాదగా.

టీచరమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. చేతికందింది నోటికందకుండా చేసుకునే మనిషితో ఏం మాట్లాడుతుంది? మూడో రోజు ఆయన బోర్డు రాయడానికి వెళ్లగానే రెండు డబ్బాల రంగు తెచ్చి, తమ్ముణ్ని సాయానికి పిలిచి, మేడ గదిలో తానే కుంచె పట్టింది. గళ్ల ఇంజను సగం ఎర్రబడింది. డబ్బాల మీది పేర్లు కారిన రంగు కింద ఎప్పుడో మాయమయ్యాయి.

"ఒరేయ్, ఆ ఎర్ర డబ్బా ఇలా అందుకో."

తమ్ముడు ఒక డబ్బా చూశాడు, రెండోది చూశాడు, వంగి వాసన కూడా చూశాడు. చివరికి ఆకుపచ్చ డబ్బా అందించాడు. టీచరమ్మ నవ్వబోయి అతని మొహం చూసి ఆగిపోయింది.

"నాకు రెండూ ఒకేలా ఉంటాయక్కా. ఎత్తు తక్కువన్నది అబద్ధం, కళ్ల పరీక్షలో తీసేశారు. బావకి మాత్రం చెప్పకు. తెలిస్తే మళ్లీ బండి ముట్టుకోనివ్వడు."

టీచరమ్మ గోడ వైపు తిరిగింది. అక్కడ నలుపు తెలుపు ఫోటోల్లో ఆరు ఇంజన్లు, ఏది ఏదో కళ్లు మూసుకున్నా తెలిసేంత విడివిడిగా ఉన్నాయి. నాలుగేళ్లుగా ఊరి నవ్వంతా తన నెత్తిన వేసుకుని, బావమరిది గుట్టు తనకి తెలుసని బావమరిదికే తెలియకుండా కాపాడుకొస్తున్నాడు ఈ మనిషి. కట్టుకున్న భార్యకి కూడా ఒక్క ముక్క చెప్పనందుకు ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం వెనకే ఆయన మీద చెప్పలేనంత ముద్దూ వచ్చింది.

"చెప్పనులే" అంది తమ్ముడితో. మిగతా సగానికీ ఎరుపు పూసి, దాని మీద రూపాయి బిళ్లలంత తెల్ల చుక్కలు పెట్టింది. ఆరబెట్టి, ఫోటో తీసింది. నలుపు తెలుపుల్లో.

సాయంత్రం ఇల్లు చేరిన చైర్మన్ గారు ఆ ఫోటోని చాలాసేపు చూశారు. తర్వాత భార్యని చూశారు.

"చుక్కలు ఇంకాస్త పెద్దవైనా బాగుండేది" అన్నారు.

మర్నాడు టీచరమ్మ క్లబ్బుకి వెళ్లి ఒక ఎర్ర ఇంజనుదీ, ఒక పచ్చ ఇంజనుదీ పాత ఫోటోలు నలుపు తెలుపుల్లోకి మార్చి కార్యదర్శి ముందు పెట్టింది. ఎక్స్‌ప్రెస్ ఏదో చెప్పమంది. ఆయన చెప్పలేకపోయాడు. హాల్లోని గుడ్డి దీపాలకి, వెనక వరసలో కళ్లజోడు మర్చిపోయి వచ్చినవాళ్లకి ఇలాగే కనిపిస్తుందని, కావాలంటే దూరాలు కొలిచి లెక్క వేసి చూపిస్తాననీ అంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు ఒప్పిస్తున్న మనిషితో ఎవరు వాదిస్తారు? కార్యదర్శి హాలు మధ్యలో చోటు రాసిచ్చాడు.

ప్రదర్శన రోజున తమ్ముడు నీలం టోపీ పెట్టుకుని, స్టేషన్ల పేర్లు గొంతెత్తి చెబుతూ, మూడు గంటలపాటు ఆరు ఇంజన్లూ నడిపాడు. ఒక్కటీ ఒక్కదానికీ తగల్లేదు. జనం విరగబడి చూశారు, విరగబడి నవ్వారు కూడా. ముందు వరసలో ఒక పెద్దావిడ, ఆ చుక్కల ఇంజనుకి రంగు వేసిన మహానుభావుడెవరండీ అని అడిగింది. అలవాటు ప్రకారం చైర్మన్ గారు చెయ్యెత్తబోయారు.

"నేనేనండీ" అంది టీచరమ్మ ముందుకొచ్చి. "ఆయన పాపం వద్దంటూనే ఉన్నారు."