పసుపు బొట్టు పెట్టిన పెన్ను

మా అమ్మ రామకోటి రాయడం మానేసిందని నాకు చాలా రోజుల దాకా తెలియలేదు. నేను కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె వరండాలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కూర్చుని ఉంటే రాస్తోందనే అనుకునేదాన్ని. ఒకరోజు టీ ఇస్తూ చూశాను. పుస్తకం మూసే ఉంది. కుడిచేతి వేళ్ళని ఎడమచేత్తో పట్టుకుని వీధిలో పోయే ఆటోలని చూస్తోంది.

"ఏమ్మా, రాయట్లేదా?"

"వేళ్ళు మాట ఇనడం లేదే. ఓ వరస గళ్ళు నిండేసరికి పీకేస్తన్నాయి."

డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. మాత్రలు రాసిచ్చి, పెన్ను గట్టిగా నొక్కకుండా రాయమని చెప్పాడు. బాల్ పెన్నుతో నొక్కకుండా ఎలా రాస్తారో మాత్రం చెప్పలేదు.

నాన్న పోయిన తర్వాత మొదలుపెట్టిన రాత అది. ఆయన ఉన్నప్పుడు ఆమెకి ఇలాంటివాటికి తీరికెక్కడిది? రాయడం ఆగాక అమ్మ మాటలు కూడా తగ్గిపోయాయి. ముందు పెడితే తింటోంది, పెట్టకపోతే అడగడం లేదు. టీవీ సీరియల్‌లో ఏం జరిగిందంటే చూడలేదంటోంది. రోజుకో గడి నింపడం కూడా లేకపోతే ఈవిడ ఇలా వీధి చూస్తూ చూస్తూ నాకు దక్కకుండా పోతుందేమోనని భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ వారమంతా కాలేజీలో పిల్లల మీద అరిచాను.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకు పెన్ను. కాగితం మీద ఆనిస్తే చాలు, నొక్కే పని లేదు.

నాన్న కొయ్యూరు వైపు ఒక బడిలో మాస్టారుగా చేసేవారు. శనివారం సాయంత్రం బస్సు దిగేవారు, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కేవారు. ఆయన స్నానం చేసి వచ్చేలోగా పెన్నులో ఇంకు పోసి ఉంచడం అమ్మ పని. పోశాక పాళీని తన తలకి తుడుచుకునేది. అప్పట్లో ఆమెది ఒత్తైన నల్ల జుట్టు, ఎంత ఇంకు తుడిచినా కనిపించేది కాదు. చొక్కా జేబుకి మరక చేసుకొస్తే నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రుద్దుతూ, "మీ నాన్నకి మూత పెట్టడం ఎప్పుడు వస్తాదో" అని సణిగేది.

మీ నాన్న అనేది, మాస్టారు అనేది, మరీ కోపమొస్తే ఆ మనిషి అనేది. పేరు మాత్రం ఎప్పుడూ అనలేదు. భర్త పేరు పలకకూడదని ఆ తరం ఆడవాళ్ళకి ఉన్న పట్టింపు. ఆసుపత్రిలో చీటీ రాసేవాళ్ళు భర్త పేరు అడిగితే నా భుజం మీద పొడిచి "సెప్పవే" అనేది. ఒకసారి బ్యాంకులో నేను స్కూటీ పెట్టి వచ్చేలోగా కౌంటర్లో ఆయన అదే ప్రశ్న అడిగాడట. ఎన్నిసార్లు అడిగినా పలక్కుండా, వెనక లైనంతా ఆపేసి, నేను వచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. ఆ రోజు నేను విసుక్కున్నాను కూడా. మనిషి పోయాక కూడా ఏమిటమ్మా ఈ పట్టింపు అని.

మెయిన్ రోడ్డులో స్టేషనరీ షాపుకి వెళ్ళి, స్కూలు పిల్లలు కొనే రకం ఇంకు పెన్ను తెచ్చాను. అది గీసుకుపోయి కాగితం చిరిగింది. ఇంకొకటి తెస్తే అది కక్కుకుంది. గళ్ళలో రాముడు నీలం మడుగులో పడ్డాడు. అమ్మ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని మూసేసింది. ఇంకా మంచివి ఉన్నాయా అని అడిగితే షాపాయన, "ఇప్పుడవి ఎవరు కొంతన్నారు మేడమ్?" అన్నాడు.

ఇక ఫోన్లో వెతకడం మొదలైంది. వెతకగా వెతకగా బంగారు పాళీ ఉన్న ఒక పెన్ను దగ్గర ఆగాను. చెయ్యి బరువు మోపకుండానే రాస్తుందట. దాని ధర చూసి ఫోను బోర్లించి పెట్టేశాను. మా ఇంట్లో వాషింగ్ మెషిన్ అంతకంటే తక్కువకి వచ్చింది. చెప్పుల జత కొనడానికి మూడు షాపులు తిరిగే మనిషిని నేను. మళ్ళీ ఫోను తిప్పి, కొన్నవాళ్ళు ఏం రాశారో చదివాను. ఒకాయన ఆ పెన్ను కొన్నాక జీవితమే మారిపోయిందన్నాడు. ఇంకొకాయన డబ్బు నీళ్ళపాలన్నాడు. ఇద్దరిలో ఎవరికీ కీళ్ళవాతం ఉన్నట్టు లేదు.

మావారు పక్కనుంచి తొంగి చూసి, "అదే డబ్బుతో ఉంగరం కొంటే అవసరానికి తాకట్టైనా పెట్టుకోవచ్చు. పెన్ను పెట్టుకుని ఎవడిస్తాడే?" అన్నారు. కాసేపాగి, "అత్తయ్యగారు రాస్తారంటే తెప్పించు మరి" అని కూడా ఆయనే అన్నారు.

నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారని రాసి ఉంది. ఒక్కటే షరతు, ఇంకు పోయకూడదు. మరకా గీతా లేకుండా వచ్చింది వచ్చినట్టే పంపాలి. నాకది బాగా నచ్చింది. అమ్మ చేతిలో ఉత్తినే పెట్టి చూస్తాను, బరువనిపిస్తే పంపేస్తాను. ధైర్యం చేసి ఆర్డర్ పెట్టాను. పార్సిల్ వస్తే తెరవొద్దని అమ్మకి చెప్పడం మర్చిపోయాను.

నేను క్లాసులో ఉండగా పార్సిల్ వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. దీపం ముందు పళ్ళెంలో నా పెన్ను ఉంది. మూతకీ, ఒంటికీ, చివరికి పాళీకి కూడా తడి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నెత్తిన ఒక నందివర్ధనం పువ్వు కూడా ఉంచింది.

"ఏటమ్మా ఇది!"

"కొత్త వస్తువు దేవుడికి సూపించకుండా ఎలా వాడతామే?"

"నచ్చకపోతే తిరిగి పంపాలనుకున్నాను. మరక పడితే తీసుకోరు."

"పంపడానికి తెప్పించేవేటి? దేవుడి దగ్గరెట్టింది ఎవరైనా ఎనక్కి పంపుతారా? బాగుంది సంబరం."

నాకు ఒళ్ళు మండింది. తడిగుడ్డ పెట్టి తుడిచాను. క్లిప్పు సందులో పసుపు అలాగే ఉండిపోయింది. మావారు నవ్వాపుకోలేక, "పసుపు రాసేశాక ఇంకేముంది, పెళ్ళయిపోయినట్టే" అని అవతలికి వెళ్ళిపోయారు. ఇక ఇంకు సీసా తెరవక తప్పలేదు. పాళీని సీసాలో ముంచి పెన్ను వెనక తిప్పితే ఇంకు పైకెక్కుతుందట. నేను తిప్పుతూ సీసా ఒంపబోయాను.

"ఇలా తే, నీకు సేతకాదు" అంది అమ్మ.

వంకర తిరిగిన ఆ వేళ్ళతోనే మెల్లగా తిప్పి నింపింది. పైకి తీసి, ఏమీ ఆలోచించకుండా పాళీని తలకి తుడుచుకుంది. తెల్లటి జుట్టులో నీలం చార పడింది. ఎన్నేళ్ళ తర్వాత చూశానో ఆ పని. నా కోపం అక్కడే సగం పోయింది.

పాత క్యాలెండర్ కాగితం చింపి వెనక్కి తిప్పి ఇచ్చాను. "శ్రీరామ అని రాసి చూడు."

"సిత్తుకాయితం మీదా? రేపు నువ్వు పారేస్తే కాళ్ళకింద పడదూ? దేవుడి పేరు అలా రాయకూడదే."

"పోనీ నీకు నచ్చింది రాయి. బేగి రాయమ్మా, ఇంకు ఆరిపోతుంది."

కాసేపు ఆలోచించింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. నేను కాగితం చూడలేదు, ఆమె వేళ్ళనే చూస్తున్నాను. బాల్ పెన్ను పట్టుకుంటే బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయేది, ఇప్పుడు పాలిపోలేదు. మొహం చిట్లించలేదు. ఆగకుండా రాసుకుంటూ పోయింది.

రాయడం అయ్యాక కాగితం చూశాను. మా నాన్న పేరు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, చివర గారు అని పెట్టింది. నోటితో ఒక్కసారి కూడా పలకని పేరు, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా వణుకు లేకుండా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడకూడదని సీసా మూత వెతుకుతున్నట్టు వంగాను.

"నొప్పి పుట్టిందా?" అన్నాను.

"లేదే. హాయిగా ఎల్లిపోతంది." కాగితం కేసి చూసుకుంటూ, "పేరు నోటితో అనకూడదు గానీ, రాయొచ్చు కదే?" అని అడిగింది.

"రాయొచ్చమ్మా."

కింద ఇంకోసారి రాసింది. ఈసారి ఇంకా నిదానంగా రాసింది. తర్వాత రామకోటి పుస్తకం తెమ్మంది. నేను లేచి, బల్ల మీద చోటు చేద్దామని, చేతి అలవాటు కొద్దీ ఆ క్యాలెండర్ కాగితాన్ని ఉండచుట్టబోయాను.

"అది పారెయ్యకే" అంది అమ్మ. "కాళ్ళకింద పడతాది."

నా చేతిలోంచి తీసుకుని, ఇంకు ఆరేదాకా ఊది, మడతపెట్టి దేవుడి గూట్లో పెట్టింది.