ఫోటోలో ఆ రోజు పేపరు

నాకు ఏది చూసినా ముందు అనుమానమే. అది పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేను. విజయనగరంలో ఒక కాలేజీ ఆఫీసులో, అడ్మిషన్ల వేళ సర్టిఫికెట్లు పరీక్షించడం నా పని. సంతకం, తేదీ ఒకే పెన్నుతో రాశారా, రబ్బరు స్టాంపు అంచు అరిగిందా లేక అరిగినట్టు చేశారా, పుట్టిన సంవత్సరంలో ఒకటిని ఎవరైనా ఏడు చేశారా... పదిహేనేళ్లు ఇదే చూస్తూ కూర్చుంటే మనిషి కన్ను ఎలా తయారవుతుంది? బజారులో పచ్చి బఠాణీ కొనేముందు రంగు వేశారేమోనని వేలితో రుద్ది చూసే ఆడమనిషి కనబడితే, ఆవిడ నేనే. మా ఆయన ఎప్పుడైనా చీర బాగుందంటే, "ఇప్పుడెందుకన్నారు?" అని అడిగేదాన్ని. ఆయన అనడం మానేశాడు.

అలాంటి నాకు వింత వస్తువుల పిచ్చి పట్టింది. కొత్త సిమ్ములకు నెట్టు ఊరికే పంచిపెట్టిన రోజులవి. మధ్యాహ్నం క్యారియరు తిని, చెయ్యి కడుక్కున్నాక మిగిలే ఇరవై నిమిషాలూ ఫోన్లో వింతలు వెతుక్కునేదాన్ని. అంకెలన్నీ ఊడి అడుగున కుప్పపడ్డ గోడ గడియారం. ఇడ్లీ ఆకారంలో సోఫా, దాని మీద కొబ్బరి చట్నీ రంగు దిండు. అగ్గిపుల్లలతో కట్టిన సినిమా హీరో కటౌటు, మీసం దగ్గర మాత్రం కాల్చిన పుల్లలు. ఎవరింటి డాబా మీదో ఫుట్‌బాల్ ఆకారంలో నీళ్ల ట్యాంకు. ఎడ్లబండికి నంబరు ప్లేటు. ఇవన్నీ ఎవరు చేశారో, ఏం తోచక చేశారోగాని, చూస్తుంటే కడుపులోంచి నవ్వు వచ్చేది. పక్క సీటావిడ నా వంక అదోలా చూసేది.

అయితే నా ఆనందం అక్కడితో ఆగేది కాదు. ఇడ్లీ సోఫా నీడ కుడివైపు పడింది, దిండు నీడ ఎడమవైపు పడింది. అంటే కంప్యూటరులో అతికించారన్నమాట. "దొరికావు" అనుకునేదాన్ని. వింతను చూసిన సంతోషం కంటే, దాని గుట్టు పట్టిన సంతోషమే నాకు ఎక్కువగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాలాంటి పిచ్చివాళ్లం రెండు వందల మందిమి ఫోన్లో ఒక గ్రూపుగా చేరాం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఎవరో పంపింది తెచ్చి తామే తీశామని గొప్పలు పోయేవాళ్లు ఎక్కువైపోతే, నేనొక నియమం పెట్టాను. సొంతంగా తీసిన ఫోటో అయితే వస్తువు పక్కన ఆ రోజు పేపరు పెట్టాలి, తేదీ కనబడాలి. అందరికీ నచ్చింది. తనిఖీ పని కూడా నాకే అప్పజెప్పారు. దొంగ ఫోటో దొరికితే దాని మీద వేయడానికి "నకిలీ" అని ఎర్ర ముద్ర ఒకటి తయారు చేసుకున్నాను. ఆ ముద్ర వేసిన రోజున అన్నం బాగా సహించేది.

మా అక్కను నౌపడ ఇచ్చారు. బావ అక్కడ ఉప్పు మడుల్లో మేస్త్రీ. ఇంటర్ రెండేళ్లూ నేను వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను. పరీక్షల రోజుల్లో పొద్దున్నే లేపి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బస్సు దాకా దింపింది బావే. తర్వాత కూడా నేను ఎప్పుడు వెళ్లినా తిరుగు ప్రయాణానికి స్టేషను దాకా తనే దింపేవాడు. మాటలు తక్కువ మనిషి. నా ఉద్యోగం చూసి "ఇనస్పెట్రమ్మ" అని పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిస్తే నాకూ ఇష్టంగానే ఉండేది.

వాళ్లమ్మాయి ఇచ్చిన కొత్త ఫోను చేతికొచ్చాక, ఒక వేసవిలో బావ నాకు ఒక ఫోటో పంపాడు. పాత హవాయి చెప్పు. పట్టీలూ అడుగూ అంచులూ అన్నిటి మీదా ఉప్పు పలుకులు గుత్తులు గుత్తులుగా పేరుకుని, కలకండతో చేసినట్టు తళతళలాడుతోంది. వెంటనే ఇంకో రెండు వచ్చాయి. అదే మాదిరి తలదువ్వెన, అదే మాదిరి పిల్లల ప్లాస్టిక్ బస్సు. కింద బావ గొంతు.

"ఇనస్పెట్రమ్మా, సూడే. నానే సేసినాను. సిక్కటి ఉప్పునీల్లలో తాడు కట్టి ఏలాడదీసినాను. మీ గ్రూపులో ఎయ్యి."

మొదటి క్షణం "అబ్బ!" అన్నాను. అది నిజం. రెండో క్షణానికి నా అసలు బుద్ధి లేచి కూర్చుంది. ఇన్నేళ్లలో బావ ఒక బొమ్మ గీయగా చూశానా? గోడకు మేకు కొడితే వంకర పోయే మనిషి. ఫోటో మరీ ఇంత బాగా ఎలా వచ్చింది? రెండో చెప్పు ఏది? వెతికితే, ఎక్కడో పరాయి దేశంలో ఎవరో బూట్లను ఉప్పునీళ్లలో నానబెట్టి ఇలాగే మెరిపించిన ఫోటో దొరికింది. అదీ సంగతి అనుకున్నాను. ఉప్పు మడుల దగ్గర ఎవరో పంపితే, తనదని నాకు పంపాడు.

ఫోను చేసి "నిజమేనా బావా?" అని అడగవచ్చు. అడగలేదు. "నువ్వే ఎయ్యి బావా" అని గ్రూపులో చేర్చాను. పట్టుకోవాలనే చేర్చాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

బావ చెప్పు ఫోటో పెట్టాడు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఎవరో "పేపరేదండీ?" అన్నారు. నేను ఆ పరాయి దేశపు బూట్ల ఫోటో పక్కన పెట్టి, బావ చెప్పు మీద ఎర్ర ముద్ర వేశాను. బంధువైనా సరే, నియమం నియమమే. న్యాయంగా ఉన్నానని గర్వపడ్డాను కూడా. సాయంత్రానికి బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

మర్నాడు అక్క ఫోను చేసింది.

"మీ బావ పన్నెండు దినాలు పొద్దున్నా సాయంత్రం ఎల్లి ఆ తాడు తిప్పుకుంటూ సూసుకున్నాడే. కూలోల్ల కాల్లు తగలకుండా సుట్టూ కర్రలు పాతినాడు. నువ్వేమో దొంగ అనీసి ముద్దరేసినావు."

"దొంగ అనలేదక్కా. నకిలీ అన్నాను."

"ఆ రెండిటికీ తేడా మీ ఆపీసులో ఉంటాదేమో. మా ఇంట్లో నేదు" అని పెట్టేసింది.

అక్క మాట విన్నాక నమ్మాలి కదా. నమ్మలేదు. మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అనుకున్నాను. రెండు నెలలు ఎవరూ పలకలేదు. బావ దగ్గర్నుంచి "ఇనస్పెట్రమ్మా" అన్న పిలుపు లేదు. శ్రావణంలో ఒక ఆదివారం పాసింజరు ఎక్కి నౌపడ వెళ్లాను. అక్కకు పసుపు కుంకుమ తీసుకుని వెళ్లానుగాని, నిజానికి వెళ్లింది తనిఖీకి. ఆ చెప్పును కళ్లారా చూడాలి. చూస్తే క్షమించమని అడుగుదామని, చూడకపోతే అడగనక్కర్లేదని నా లెక్క.

రెండు రోజులుగా ముసురు. ఉప్పు మడుల నిండా వాననీళ్లు, పని లేదు. బావ అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. "రాయే" అన్నాడు. అంతే. నేను కుశలాలు అడిగినట్టు అడిగి, "ఏవి బావా, నువ్వు సేసినవి?" అన్నాను.

లోపల గూట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. పళ్లెంలో తడి చెప్పు, తడి దువ్వెన, ప్లాస్టిక్ బస్సు. ఒక్క ఉప్పు పలుకు లేదు. పళ్లెం అంచు దాకా నీళ్లు.

"కారిపోయినాయి. వానగాలికి ఉప్పు నిలబడతాదేటి?" అన్నాడు బావ.

నేను ఆ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఎందుకు చేశానో తెలియదు, చెయ్యి దానంతటదే వెళ్లింది. బావ నా వేలినే చూస్తున్నాడు.

"ఉప్పగా ఉన్నాదేటి?" అన్నాడు.

ఉప్పగానే ఉంది. కాని ఉప్పునీళ్లలో చెప్పు ముంచి తెస్తే ఎవరి పళ్లెమైనా ఉప్పగానే ఉంటుంది కదా అని ఆ క్షణంలో కూడా ఒక మూల అనిపించింది. ఆ మూలే నా నోట మాట్లాడింది.

"అప్పుడే పక్కన పేపరెట్టి తీసుంటే ఈ గొడవ ఉండేది కాదు కదా బావా."

బావ పళ్లెం తీసుకుని పెరట్లో ఒంపేశాడు. చెప్పును గోడకు ఆన్చి నిలబెట్టాడు. వెనక్కి వచ్చి, "ఇంటోల్లకి కూడా పేపరెట్టాలని నాకు తెల్దే" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలియని విషయం ఇప్పుడే తెలుసుకున్నవాడిలా అన్నాడు. భోజనాలయ్యాక నేను బయల్దేరితే, వాన వెలిసి ఎండ కూడా వచ్చింది. సైకిలు అరుగు పక్కనే ఉంది. బావ వీధిలోకి వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు.

మళ్లీ మాఘం వచ్చింది. ఉప్పు పని మొదలైంది. ఫాల్గుణం చివర ఒక మధ్యాహ్నం, నేను క్యారియరు విప్పుతుండగా బావ ఫోటో వచ్చింది. సీతాకోకచిలుక ఆకారంలో ఉన్న జుట్టు క్లిప్పు. ఇంటర్ చదివేటప్పుడు నేను పెట్టుకున్నది, వాళ్లింట్లో ఎక్కడో పారేసుకున్నది. రెక్కల నిండా ఉప్పు. అంచుల్లో సన్నటి పలుకులు, నడుమ పెద్దవి. అంత అందమైన వస్తువును నేను నెట్టులో ఎక్కడా చూడలేదు. పక్కనే మడత పెట్టిన పేపరు. తేదీ స్పష్టంగా కనబడేలా, గాలికి ఎగరకుండా మీద ఒక రాయి.

క్యారియరు పక్కకు నెట్టాను. సిగ్గేసింది. ఫోను చేశాను.

"పేపరు కనబడినాదేటి?" అన్నాడు బావ, నేను నోరు తెరిచేలోగా.

"కనబడింది బావా. క్లిప్పు..."

"తేదీ?"

"కనబడింది."

"మరింక సరే" అని పెట్టేశాడు.

గ్రూపులో ఆ ఫోటో పెట్టి, కిందటేడాది నేను వేసిన ముద్ర తప్పని రాశాను. బోలెడు మంది మెచ్చుకున్నారు. కాని చూడవలసిన మనిషి గ్రూపులో లేడు. ఆ మెచ్చుకోళ్లన్నీ ఫోటో తీసి బావకు పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి.

అప్పటినుంచి మొదలైంది. బావ నాకు ఏ ఫోటో పంపినా పక్కన పేపరు ఉండేది. ఇంటికి కొత్త ఫ్యాను బిగిస్తే, స్టూలు మీద పేపరు. పెరట్లో బొప్పాయి కాస్తే, చెట్టు మొదట్లో పేపరు. అక్క కంటి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్లద్దాలతో కూర్చున్న ఫోటోలో, ఆమె ఒళ్లో పేపరు. వాళ్లు ఇంటికి పేపరు వేయించుకోరు. అక్కను అడిగితే చెప్పింది.

"టేసనుకాడ టీ బడ్డీకెల్లి అడిగి తెస్తన్నాడే. ఫోటో తీసీసి మల్లీ ఎల్లి ఇచ్చి వస్తన్నాడు. బడ్డీవోడు నవ్వుతన్నాడు."

"వద్దని సెప్పు అక్కా."

"నువ్వే సెప్పుకో."

చెప్పాను. "పేపరొద్దు బావా, నీకు దండం పెడతాను" అన్నాను. "వద్దంటే ఎలగ? నీ రూలే కాదేటి, ఇనస్పెట్రమ్మా" అన్నాడు. ఏడాది తర్వాత ఆ పిలుపు వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, ఇది వేళాకోళమా, కోపమా అని వెతకడం మొదలుపెట్టాను. గొంతులో నవ్వుందా? లేదా? ఏ సంతకమైనా చూసి అసలుదో కాదో చెప్పేస్తాను గాని, ఆ ఒక్క మాట దగ్గర నాకేమీ తేలలేదు. అక్కనే అడిగాను.

"మొదట ఏలాకోలమే. ఇప్పుడు నాకూ తెల్దే" అంది.

ఆ తర్వాత ఏడాది వాళ్లమ్మాయికి నెలలు నిండాయి. నేను పిన్నిని. పుట్టే బిడ్డకు చిన్నమ్మమ్మను. రేపో మాపో అనుకుంటున్నాం. అడ్మిషన్ల రోజులు కావడంతో నా బల్ల మీద సర్టిఫికెట్ల గుట్ట, ఎదురుగా కుర్రాళ్ల వరస. పదకొండు గంటలప్పుడు ఫోను మోగి ఆగింది. బావ ఫోటో పంపాడు.

ఆస్పత్రి మంచం. తెల్లటి తువ్వాలులో చుట్టిన పసిగుడ్డు. కళ్లు మూసుకుని, పిడికిలి గడ్డం కింద పెట్టుకుని పడుకుంది. తల పక్కన, పాపకు తగలకుండా జాగ్రత్తగా మడిచిన పేపరు.

ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేశాను. పాప ఎవరి పోలికో ఇంకా చూడలేదు. నా వేళ్లు ముందు పేపరు మీదికే వెళ్లాయి.

తేదీ సరిగ్గానే ఉంది.