దక్షిణపు తలుపు

వాస్తు బూటకమని ముప్పై ఏళ్లుగా వేదికలెక్కి వాదిస్తున్నాను. అద్దంకి నుంచి విజయవాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నది మాత్రం వాస్తు చూసే పెద్దమనిషి.

ఆయన అల్లుడి ఫోనులో ఆట ఆడుతున్నాడు. ఆడేవాడి కళ్లతోనే గదులు కనిపిస్తాయి. చేతిలోని దీపం జరిపితే సామాన్ల నీడలు కదులుతాయి, ఆ నీడల మీదే నడవాలి. గంటన్నర ఆటేనట. నేనూ వంగి చూస్తూ చేతిలో పేపరు మరిచిపోయాను.

చివరి గదిలో చక్కగా నీడ వంతెన వేసి ఆగిపోయాడు. తెర మూలన దిక్సూచి ఉంది.

"దక్షిణపు గుమ్మమండీ. మూడు రోజులుగా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నా. పెదకాకానిలో దిగగానే ఫోను ఇచ్చేయాలి."

"ఆటలో కూడా వాస్తేనా?"

"ఇల్లు ఇల్లే గదండీ."

నాకు మండింది. ఫోను లాక్కుని గుమ్మం దాటించాను. తెరంతా వెలుగు నిండి ఆట పూర్తయింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అడుగు పెట్టింది మీరు కాబట్టి దోషం మీకేనండీ. భయపడకండి, శాంతి నేను చేయిస్తా. పేరూ గోత్రం చెప్పండి."

అంత ఆప్యాయంగా అడిగితే చెప్పేశాను. ఈ సంగతి ఏ సభలోనూ ఎత్తలేదు.